ఆగి మోగిన నాదం

హీరో తెర మీదికి నడిచొస్తుంటే వెనక పదుల గొంతులు ఒక్కటై పాడే కోరస్ మనకు బాగా అలవాటైపోయింది. మాటలు అర్థం కావు, ఏ భాషో కూడా తెలియదు, అయినా ఒళ్ళు జలదరిస్తుంది. ఇలాంటి బాణీలన్నిటికీ పెద్దదిక్కులాంటి రచన ఒకటుంది. జర్మన్ స్వరకర్త కార్ల్ ఆర్ఫ్ కూర్చిన ‘కార్మినా బురానా’. 1937లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తొలిసారి ప్రదర్శించారు. అదృష్టదేవత నిలకడలేనితనాన్ని నిందించే అందులోని మొదటి బృందగానాన్ని ప్రపంచమంతటా సినిమా ట్రైలర్లు, ప్రకటనలు అరగదీశాయి. అయితే అవి వాడుకునేది ఆ పాట మొదలూ చివరా మాత్రమే. మధ్యలో ఉన్నది చాలామంది చెవిన పడనే లేదు. మొదటి కేక ముగియగానే గాయకులంతా ఒక్కసారిగా గొంతు దించేస్తారు. నిమిషానికి పైగా లోగొంతుకతో, ఒకే లయ పట్టుకుని నడుస్తారు. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా విరుచుకుపడతారు. ఆ లోగొంతుకను కోసేసి కేకను మాత్రమే వినిపిస్తే మిగిలేది చప్పుడే.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో ఉత్కంఠ రేపే రచనలనగానే మనకు వంద వాద్యాల హోరు గుర్తొస్తుంది. హోరు నిజమే. కానీ దాన్ని ఎంతసేపు బిగబట్టి ఉంచాలో తెలిసినవాడే మహా స్వరకర్త అయ్యాడు.

బీథోవెన్ ఐదో సింఫనీనే తీసుకుందాం. దాని మొదటి నాలుగు స్వరాలు ఎరగనివారు తక్కువ. ఆ రచనలో గుండె చిక్కబట్టుకుని వినవలసిన ఘట్టం మాత్రం మూడో భాగం చివర ఉంది. అక్కడ వాద్యాలు ఒక్కొక్కటే తప్పుకుంటాయి. తంత్రీ వాద్యాలు మంద్రంలో ఒక స్వరాన్ని పట్టుకుని కదలకుండా నిలబడతాయి. టింపనీ అనే పెద్ద డ్రమ్ము ఒక్కటే వినీ వినిపించనంత మెల్లగా తడుతూ ఉంటుంది. మొదటి భాగంలో భీకరంగా మోగిన లయే అది, ఇక్కడ నీడలా మిగిలింది. దాని మీద వయొలిన్లు చిన్న పలుకును అందుకుని, తడుముకుంటూ పైకి జరుగుతాయి. ఇదంతా అరనిమిషం పైచిలుకే. అయినా వినేవాడికి ఎంతసేపో గడిచినట్టుంటుంది. చివరి క్షణాల్లో నాదం ఉబికి, ఆగకుండా నాలుగో భాగంలోకి దూకుతుంది. అప్పుడే ట్రాంబోన్లు, పికలో, కాంట్రాబసూన్ తొలిసారి నోరు విప్పుతాయి. ఆ వాద్యకారులు అప్పటిదాకా 20 నిమిషాలకు పైగా వేదిక మీద చేతులు కట్టుకు కూర్చున్నారన్నమాట. ఆనాటికి ట్రాంబోన్లు చర్చిల్లో, ఒపెరాల్లో వినిపించేవి గాని సింఫనీలో అరుదు. ఎవరూ ఊహించని గొంతును బీథోవెన్ అంతసేపు దాచి ఉంచాడు.

1808 డిసెంబరు 22న వియన్నాలో ఆ సింఫనీని మొదటిసారి విన్నవాళ్ళు నాలుగు గంటల పైగా సాగిన కచేరీలో చలికి వణుకుతూ కూర్చున్నారు. రిహార్సల్స్ చాలలేదు. అదే కచేరీలో మరో రచన మధ్యలో చెదిరిపోయి మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత పారిస్‌లో ఈ ఐదో సింఫనీని విన్న లెస్యూర్ అనే వృద్ధ సంగీతాచార్యుడు, బయటికి వచ్చి టోపీ పెట్టుకోబోతే తన తల ఎక్కడుందో తనకే తెలియలేదన్నాడట. ఆ సంగతి ఆయన శిష్యుడు, స్వరకర్త బెర్లియోజ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మన కచేరీల్లో తాళవాద్యాల వంతైన తని ఆవర్తనాన్ని శ్రద్ధగా వినేవారికి నాదాన్ని బిగబట్టి ఉంచే ఈ మర్మం కొత్త కాదు. మృదంగం, ఘటం మార్చి మార్చి వాయిస్తూ, వంతును సగానికి, సగాన్ని పావుకు తగ్గించుకుంటూ వస్తాయి. ఆ కొరైప్పు చిక్కబడే కొద్దీ సభలో తాళం వేసే చేతులు బిగుసుకుంటాయి. చివరికి రెండూ కలిసి మోరా అనే ముగింపు వరసను వాయించి పాట ఎత్తుగడను గాయకుడి చేతికి అప్పగించినప్పుడు మోగే చప్పట్లు ఆ బిగువుకు దక్కిన ఫలం. తని మొదలవగానే కాఫీకి లేచిపోయి చివరి తీర్మానానికి తిరిగొచ్చేవారికి ఆ ఫలం అందదు.

ఈ పట్టు విడుపులను అందరికంటే తెగువగా వాడుకున్నవాడు రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ. ఆయన ఆరో సింఫనీ మొదటి భాగంలో రాగం అణిగి అణిగి, చివరికి ఒక్క బసూన్ మిగిలే చోట స్వరపత్రంలో ‘మెల్లగా’ అనే గుర్తును వరసగా ఆరుసార్లు రాశాడు. మరుక్షణం ఆర్కెస్ట్రా మొత్తం మీద పడుతుంది. తెలిసి విన్నా ఉలిక్కిపడతాం. 1893 అక్టోబరు 28న తానే నిర్వహించి వినిపించిన ఆ సింఫనీయే ఆయన ఆఖరిది. తొమ్మిది రోజులకు కన్నుమూశాడు.

ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ ‘బొలెరో’ (1928) దారి వేరు. చిన్న డ్రమ్ము మీద ఒకే దరువు పావుగంట పాటు ఆగదు, మారదు. వాద్యాలు మాత్రం ఒకటొకటిగా వచ్చి చేరతాయి. ఇలాంటి డ్రమ్ము దరువే సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ ఏడో సింఫనీలోనూ ఉంది. కానీ దాని వెనక ఒక నగరపు ఆకలి ఉంది.

1941 సెప్టెంబరులో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను చుట్టుముట్టాయి. ముట్టడి 872 రోజులు సాగింది. మొదటి చలికాలంలో కార్మికులు కానివారికి రోజుకు దక్కిన రొట్టె ఒక దశలో 125 గ్రాములు. షొస్తకోవిచ్ ఈ సింఫనీ మొదటి మూడు భాగాలూ ఆ నగరంలోనే రాశాడు. తర్వాత అతణ్ణి తరలించిన కుయ్‌బిషెవ్‌లో డిసెంబరులో రచన ముగించాడు. స్వరపత్రాలు విమానంలో లెనిన్‌గ్రాడ్ చేరేసరికి వాయించడానికి మనుషులు లేరు. అక్కడి రేడియో ఆర్కెస్ట్రాలో వాయించే స్థితిలో మిగిలినవారు పదిహేను మంది. కండక్టర్ ఎలియాస్‌బర్గ్ పెట్టిన మొదటి రిహార్సల్‌ను పావుగంటకే ఆపేయవలసి వచ్చింది. బాకా ఊదేవారికి ఊపిరి చాలలేదు. సైన్యంలో ఉన్న వాద్యకారులను పిలిపించారు, అందరికీ కాస్త ఎక్కువ తిండి ఇప్పించారు. 1942 ఆగస్టు 9న కచేరీ. శత్రువుల ఫిరంగులు ఆ సాయంత్రం మోగకుండా సోవియట్ సేనలు ముందే వాటి మీద గుండ్ల వాన కురిపించాయి. సంగీతానికి కావలసిన నిశ్శబ్దాన్ని ఫిరంగులతో సంపాదించుకున్నారు. లౌడ్‌స్పీకర్లలో నగరమంతా విన్నది.

ఆ సింఫనీ మొదటి భాగం నడుమ చిన్న డ్రమ్ము దూరంగా, సన్నగా మొదలవుతుంది. దాని మీద పిల్లలు కూనిరాగం తీసుకోదగ్గంత తేలికైన మార్చ్ పాట. అదే పాట మళ్ళీ వస్తుంది, మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా. పది నిమిషాలు దాటేసరికి మొదట అమాయకంగా అనిపించిన పాటే భూతమై నిలుస్తుంది. ఇందులో సాగదీత ఎక్కువన్న విమర్శ ఆనాడే వచ్చింది. హంగేరీ స్వరకర్త బార్టోక్ తన రచనలో దీన్ని ఎద్దేవా చేశాడనీ అంటారు. సాగదీత ఉన్నమాట కాదనలేం. అయితే ఆ ఘట్టాన్ని రెండు నిమిషాలకు కుదిస్తే భయం పుట్టదు. ముట్టడి ఎలా బిగుస్తుందో వినేవాడికి తెలియాలంటే ఆ పది నిమిషాలూ గడపవలసిందే.

ఇప్పుడు ఈ రచనలన్నీ మన అరచేతిలోకే వచ్చాయి. వంద మంది వాద్యబృందం మన ఊళ్ళకు రావడం అరుదు. ఇంటర్నెట్‌లో మాత్రం ప్రపంచంలోని గొప్ప ఆర్కెస్ట్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. దొరకడం ఎంత తేలికైందో ముక్కలుగా నరకడం అంత తేలికైంది. అరనిమిషం రీళ్ళలో శిఖరాలే తప్ప లోయలు లేవు. పైగా ఫోన్ స్పీకరులో చైకోవ్‌స్కీ బసూన్ అసలు వినిపించదు. వినిపించడం లేదని వాల్యూమ్ పెంచితే తర్వాతి దెబ్బ చెవులకు నొప్పి తెప్పిస్తుంది తప్ప మనసును తాకదు. సంగీతం రానిదే ఇది అర్థం కాదేమోనన్న బెరుకు మనలో చాలామందికి ఉంది. ఆ బెరుకు అక్కర్లేదు. రాగాల పేర్లు తెలియకుండానే తరతరాలుగా మనవాళ్ళు గుళ్ళో నాదస్వరం విని తల ఊపారు.

బీథోవెన్ ఐదో సింఫనీ మొత్తం దాదాపు 35 నిమిషాలే. ఈ ఆదివారం మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి, మొదటి నుంచి చివరిదాకా వినండి. మూడో భాగం చివర నాదం సన్నగిల్లినప్పుడు మాత్రం దయచేసి వాల్యూమ్ పెంచకండి.