కడలి యడుగున సాక్షులు

విశాఖపట్టణమున ఋషికొండ తీరమునుండి కొందఱు యువకులు వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రగర్భమునకు దిగుచున్నారు. వేడుకకై దిగువారును అందు గలరు. కాని మఱికొందఱు పైకి వచ్చునపుడు తెగిన నైలాను వలలను, ప్లాస్టిక్కు చెత్తను మోసికొని వచ్చుచున్నారు. స్కూబా యనునది ధనికుల వినోదమని దీనిని త్రోసివేయువారితో మేము ఏకీభవింపజాలము.

సముద్రజీవులకు చట్టరక్షణ లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సముద్రపు తాబేళ్లను కాపాడుచున్నది. 2001లో తిమింగల సొరయు, పగడములును, సముద్రపు గుఱ్ఱములును ఆ రక్షణలో చేరినవి. శాసనములు చాలును, కొఱతపడినది సాక్ష్యము. చూచినవాడు లేని నేరము న్యాయస్థానము గడప యెక్కదు. అడవిలో చెట్టు కూల్చినచో మొదలైనను కనబడును. కడలి యడుగున పగడము విఱిగినచో చూచువాడెవడు?

నైలాను వల తెగి నీట బడినను తన పని మానదు. అది త్వరగా కుళ్లదు. ఱాళ్లకు దగుల్కొని, యజమాని లేకయే యేండ్ల తరబడి చేపలను, పీతలను పట్టుచునే యుండును. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి; వలలో జిక్కి పైకి రాలేనిచో ఊపిరాడక చచ్చును. ఇట్లు చచ్చిన చేప జాలరికి దక్కదు, సముద్రమునకును దక్కదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట మాని, పస్తులకోర్చి జాలరులు పెంచిన మత్స్యసంపదను ఈ దిక్కులేని వలలు హరించుచున్నవి. కావున వానిని తీయుట జాలరి మేలుకొఱకే.

జాలరిని శత్రువుగా నెంచు సంరక్షణము నిలువదు. 2021 డిసెంబరులో తంతడి తీరమునకు తిమింగల సొర యొకటి కొట్టుకొని వచ్చెను. లోకమందలి చేపలలో నెల్ల పెద్దదది. అటవీశాఖవారును, జాలరులును, వన్యప్రాణి సంరక్షకులును చేయి కలిపి దానిని మరల సముద్రమునకు జేర్చిరి. ఏ యొక్కరి వలనను కాని పని అది.

ఇక ఉత్సాహమొక్కటే చాలదు. లోతు పది మీటర్లు పెరిగినకొలది ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చును. ఊపిరి బిగబట్టి పైకి లేచినచో ఊపిరితిత్తులు చీలవచ్చును. వేగముగా తేలినచో నెత్తుట బుడగలు పుట్టును. వల కోయబోయి తానే చిక్కుకొను ప్రమాదమును గలదు. శిక్షణ లేనివాడు దిగరాదు.

ప్రభుత్వమును మేము కోరునది మూడే. జాలరిపేటల యువకులకు ఉచితముగా, తెలుగున ఈ విద్య నేర్పవలెను; సముద్రపు పోకడ వారికి పుట్టుకతో వచ్చినది, సొమ్ము మాత్రమే లేదు. చేపల రేవులందు పాత వలలకు వెల గట్టి తీసికొనవలెను. వెల యున్న వలను ఎవడును నీట వదలడు. యువకులు తేదీ, చోటు, లోతు గుర్తించి ఛాయాచిత్రములతో నిచ్చు వ్రాతలను అటవీ, మత్స్యశాఖలు స్వీకరించి, గడువులోపల బదులీయవలెను.

యువకులారా! మీరు చూచినదానిని వ్రాసి యుంచుడు. మీ వ్రాతలే రేపు ఆ మూగప్రాణుల పక్షమున సాక్ష్యము పలుకును.