మాకరోనీ మీద ఇంత కోపమా?

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, టీ తెచ్చుకుని కూర్చోండి.

నాలుగు రోజులుగా మన వాట్సాప్ గుంపులో జరుగుతున్నది చూస్తున్నాను. ఉగాది మధ్యాహ్నం సాపాటు పట్టికలో పిల్లల కోసం అని మన కుర్రవాళ్ళ కమిటీ "మాకరోనీ చీజ్" అని ఒక్క పేరు చేర్చింది. అంతే, పెద్దలందరూ లేచి నిలబడ్డారు. సంస్కృతి పోయింది అన్నారు ఒకరు. తాతముత్తాతలు ఏడుస్తారు అన్నారు ఇంకొకరు. పాపం, పట్టిక రాసిన పిల్ల "సారీ అంకుల్" అని పెట్టి గుంపులోంచి వెళ్ళిపోయింది. మన సంఘానికి పాతికేళ్ళ లోపు వయసు వాళ్ళు ఎంతమంది వస్తున్నారో కార్యదర్శి గారిని అడగండి. ఉన్న నలుగురిలో ఒకరిని పంపించేశాం.

నాకు కోపం వచ్చింది. అందుకే రాస్తున్నాను.

పోయిన సంవత్సరం సాపాటులో ఏమేం పెట్టామో గుర్తుందా? గోబీ మంచూరియన్ పెట్టాం. అది ఏ తాతముత్తాతల వంట? వెజిటబుల్ బిరియాని పెట్టాం. చివర్లో కప్పు ఐస్‌క్రీమ్. మంచూరియన్ దగ్గర లైను ఎంత ఉందో నేను చూశాను, టోకెన్లు ఇచ్చింది నేనే. ఈ రోజు సంస్కృతి గురించి రాసిన పెద్దమనిషి రెండోసారి వచ్చినప్పుడు "ఇంకొంచెం గ్రేవీతో" అని అడిగారు. తప్పు కాదు, ఆకలి వేస్తే అడుగుతారు. కానీ మంచూరియన్‌కు లేని పాపం మాకరోనీకి ఎక్కడ నుంచి వచ్చింది?

సేమ్యా పాయసం లేని పండగ మనకు ఉందా? సేమ్యా అంటే ఏమిటి? గోధుమ పిండిని నీళ్ళతో కలిపి, సన్నగా తీసి, ఆరబెట్టింది. మాకరోనీ అంటే? గోధుమ రవ్వను నీళ్ళతో కలిపి, నడుమ బొక్క పెట్టి తీసి, ఆరబెట్టింది. దానిని పాలూ చక్కెరలో ఉడికిస్తే మన సంప్రదాయం, దీనిని పాలూ చీజూలో కలిపితే పరాయిది. బొక్క ఒక్కటే తేడా అయితే బొక్క మీద తీర్మానం చేద్దాం. మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిందే. అంతకు ముందు మనకు కారం అంటే మిరియమే. మిరపకాయ లేని ఆవకాయ ఎవరికైనా కావాలంటే చేయి ఎత్తండి.

ఇంక మన సంగతి. విజయనగర రాజుల, నాయక రాజుల కాలంలో ఈ తమిళ నేలకు వచ్చినవాళ్ళం. వచ్చి ఏం చేశాం? పొరియల్ నేర్చుకున్నాం, కూటు నేర్చుకున్నాం, వత్తకుళంబు నేర్చుకున్నాం. ఈ రోజు మన ఇళ్ళలో ఏది అరవ వంట, ఏది తెలుగు వంట అని గీత గీయమంటే మా ఇంటావిడే గీయలేదు. అలా కలుపుకున్నాం కాబట్టే ఇన్ని తరాలు నిలిచాం.

ఈ మాకరోనీ కథ కూడా అలాంటిదే అని నాకు అమెరికాలో తెలిసింది. మా అమ్మాయి అట్లాంటా దగ్గర ఉంటుంది. రిటైరైన తర్వాత ఆరు నెలలు అక్కడ ఉన్నాం. పక్కింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనారు. నేను రైల్వే పార్శిల్ క్లర్కు అని చెప్పగానే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది; మూటల మీద తప్పు అడ్రసు రాసే జనం రెండు దేశాల్లోనూ ఉన్నారు. థ్యాంక్స్‌గివింగ్ పండగకు వాళ్ళింటికి పిలిచారు. బల్ల మీద పెద్ద ట్రేలో మాకరోనీ చీజ్, పైన ఎర్రగా కాలిన పొర. అది వాళ్ళకు పండగ వంట. వాళ్ళ ఇంట్లో దానిని చేసే హక్కు ఒక్క ఆవిడకే ఉంది. కోడలికి ఇంకా ఇవ్వలేదట. మా అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఊరగాయ జాడీ తాకడానికి ఎవరికి హక్కు ఉండేదో గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆ దేశంలో చాలామంది మాకరోనీని తెచ్చింది థామస్ జెఫర్సన్ అంటారు. 1802లో ఆయన అధ్యక్ష భవనంలో విందుకు మాకరోనీ పెట్టినమాట నిజమే. కానీ వండే చేతులు ఎవరివి? 1784లో జెఫర్సన్ పారిస్ వెళ్తూ తన బానిస జేమ్స్ హెమింగ్స్ అనే యువకుణ్ణి తీసుకుపోయి ఫ్రెంచి వంట నేర్పించాడు. తిరిగి వచ్చిన తర్వాత, తమ్ముడు పీటర్‌కు ఆ వంటంతా నేర్పిస్తేనే విడుదల అని షరతు పెట్టాడు. 1796లో జేమ్స్‌కు విడుదల దొరికింది, 1801లో చనిపోయాడు. అలాంటి వంటవాళ్ళ చేతుల మీదుగానే ఈ వంట దక్షిణాది నల్లజాతి ఇళ్ళలో నిలిచింది. పేరు యజమానికి పోయింది, వంట మాత్రం వండినవాళ్ళ దగ్గర ఉండిపోయింది. పరాయి వంటను తమ పండగ వంట చేసుకున్న జనం వాళ్ళు. వలస వచ్చి నిలబడిన మనకు ఇది అర్థం కాకపోతే ఇంక ఎవరికి అర్థం అవుతుంది?

ఇప్పుడు కుర్రవాళ్ళ వైపు తిరుగుతాను. మీరు నవ్వుతూ కూర్చోకండి. మీ పట్టిక కూడా చూశాను. మాకరోనీ చీజ్, పక్కన గార్లిక్ బ్రెడ్, ఫ్రెంచ్ ఫ్రైస్, క్రీమ్ సూప్, కూల్‌డ్రింక్. ఇది ప్లేటా, తెల్ల సున్నం గోడా? మైదా మీద మైదా, వెన్న మీద వెన్న. నాలుగు స్పూన్లు తినేసరికి నోరు మూసుకుపోతుంది, ఏడేళ్ళ పిల్లవాడికైనా.

ఆ పెద్దావిడ బల్ల మీద మాకరోనీ పక్కన ఏముందో చెప్తాను. కొలార్డ్ అనే ముదురు ఆకుకూర, మెత్తగా ఉడికించి పైన వెనిగర్ చల్లింది. మొక్కజొన్న రొట్టె. చిలగడదుంప. టర్కీ. చీజ్ బరువు ఆ పులుపూ చేదూ కలిసిన ఆకుకూరతో దిగిపోతుంది. అది వాళ్ళు తరాలుగా కనిపెట్టిన లెక్క. మన లెక్క కూడా అదే కదా. పప్పు నెయ్యి పక్కన ఊరగాయ ఎందుకు? పెరుగన్నం పక్కన మాగాయ ఎందుకు?

ఉగాదికి మన దగ్గర ఏముంది? మామిడికాయ ఉంది, వేపపువ్వు ఉంది. క్రీమ్ సూప్ తీసేసి వేపపువ్వు చారు చిన్న గ్లాసుల్లో పోయండి. చారు తాగడం మన పిల్లలకు తెలుసు, కప్పులో ఇస్తే సూప్ అనుకునే తాగుతారు. ఫ్రైస్ బదులు మునగాకు పొరియల్, కొబ్బరి వేసి. గార్లిక్ బ్రెడ్ వద్దే వద్దు. దాని చోట పెసరపప్పు కోసంబరి, దోసకాయా పచ్చిమామిడి తురుమూ వేసి, నిమ్మకాయ పిండి. నమలడానికి కరకరమని ఒకటి ఉండాలి, అప్పళం చాలు. ఈ ప్లేటు మా ఇంట్లో మా మనవరాలికి పెట్టి చూశాను. మునగాకు కొంచెం పక్కకు తోసింది, ఒప్పుకుంటాను. మామిడికాయ కోసంబరి రెండుసార్లు అడిగింది. అడిగింది తెలుగులో, "తాతా, ఇంకా ఆ పుల్లటిది" అని.

వండే విషయంలోనూ ఒక మాట. వంట మాస్టర్ ఫోన్‌లో "అన్నీ కలిపి ఒక్కసారి అండాలో వేసేస్తాను సార్" అన్నాడు. వద్దు. నేను చెప్పేది ఆ పెద్దావిడ నేర్పింది, తర్వాత మా వంటింట్లో రెండుసార్లు చెడగొట్టి నేర్చుకున్నది. నూరుమంది పిల్లలకు 5 కిలోల మాకరోనీ చాలు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించి వార్చాలి, ఎందుకంటే సాసులో ఇంకా ఉడుకుతుంది. 600 గ్రాముల వెన్నలో 600 గ్రాముల మైదా చిన్న మంట మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, 10 లీటర్ల వేడి పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఉండ కట్టకుండా కలపాలి. చిక్కబడ్డాక అండా పొయ్యి మీద నుంచి దించాలి. దించిన తర్వాతే తురిమిన చీజ్, 4 కిలోలు. మంట మీద ఉడికిస్తే చీజ్ విరిగి నూనె తేలుతుంది, అడుగున ఇసుక లాగా ముద్ద మిగులుతుంది. మన ఆడవాళ్ళకు ఇది చెప్పక్కరలేదు, మజ్జిగ పులుసు పొంగు రాగానే దించకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. చివర మిరియాల పొడి, కొంచెం ఆవపొడి. అవును, ఆవపొడి. ఆ పెద్దావిడ డబ్బా తీసినప్పుడు ఆ వాసనకు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చీజ్‌లోనే ఉప్పు ఉంటుంది, రుచి చూడకుండా ఉప్పు వేయకండి. సాసు పలచగానే ఉండాలి, అరగంట నిలిచిందంటే మాకరోనీ అంతా పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకని పదకొండున్నరకే చేసి ఒంటిగంటకు వడ్డించే పని పెట్టుకోవద్దు. చీజ్ శాకాహారమా అని అడిగిన అక్కయ్యకు జవాబు: ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి కొందాం, కొనడానికి నేనే వెళ్తాను.

పెద్దలకు ఇంకొక్క మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను ఎస్‌ఎస్‌ఎల్‌సీ దాకా చదివింది తమిళ మీడియంలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం, అక్షరం ఒక్కటి రాదు. ముప్పై అయిదేళ్ళ వయసులో పార్శిల్ ఆఫీసులో, బెజవాడ వైపు పోయే మూటల మీద చీటీలు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. నా రాతలో తప్పులుంటే కారణం అదే. మరి మన సంఘం సమావేశాల మినిట్స్ ఏ భాషలో రాస్తున్నాం? ఇంగ్లీషులో. సంస్కృతి పోయిందని గుంపులో పెట్టిన సందేశాల్లో తెలుగు లిపిలో ఉన్నవి ఎన్ని? లెక్కపెట్టాను, ముప్పై ఒకటిలో రెండు. మనవళ్ళతో ఫోనులో "హౌ ఆర్ యూ, హౌ ఈజ్ స్కూల్" అని అడిగేది ఎవరు? మాకరోనీ తిన్న నోరు తెలుగు మరిచిపోలేదు. మనం మాట్లాడకపోతే మరిచిపోయింది. బడిలో తెలుగు దొరకడం ఈ రాష్ట్రంలో కష్టం అవుతోంది, 2006 చట్టం తర్వాత ఇంకా కష్టం, ఆ పోరాటం వేరే. కానీ ఇంట్లో మాట్లాడడానికి ఏ చట్టం అడ్డం వచ్చింది?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మాకరోనీ ఉండాలి. గార్లిక్ బ్రెడ్, ఫ్రైస్, క్రీమ్ సూప్, కూల్‌డ్రింక్ పోవాలి. పిల్లల వడ్డన దగ్గర పెద్దలే నిలబడాలి, ప్రతి వంట పేరూ తెలుగులో చెప్పి వడ్డించాలి, పిల్లలు తెలుగులో అడిగి తీసుకోవాలి. మాకరోనీకి తెలుగు పేరు అక్కరలేదు, బస్సుకు మనం పెట్టామా? గుంపులోంచి వెళ్ళిపోయిన ఆ పిల్లను అధ్యక్షులు స్వయంగా ఫోన్ చేసి పిలవాలి. ఆయన చేయకపోతే నేను చేస్తాను, ఆ పిల్ల నాన్నా నేనూ ఒకే డివిజన్‌లో పనిచేశాం.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంట్లో చిన్న అండాతో ఒకసారి చేసి చూద్దాం. ఒప్పుకోని పెద్దలే ముందు రావాలి. మునగాకు ఉన్నవాళ్ళు తెండి, మా చెట్టు పోయిన గాలివానకు విరిగింది. పెద్ద తురుము పీట కూడా ఒకటి కావాలి.