పిలుపు అక్కర్లేని దౌత్యం

పెళ్లికి వెళ్లాలంటే పిలుపు కావాలి. చావుకు కబురు చాలు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా ఆ రోజు గడప తొక్కుతారు. ఎవరు ముందు తగ్గారన్న లెక్క అప్పుడు ఎవరూ తీయరు. దేశాల మధ్య చిక్కు కూడా తరచూ ఆ లెక్క దగ్గరే పడుతుంది. శిఖరాగ్ర సమావేశం జరగాలంటే ఎవరో ఒకరు ముందు అడగాలి, ఏం మాట్లాడాలో రాసుకోవాలి, చివర్లో ఏం సాధించారో విలేకరులకు చెప్పాలి. పరామర్శకు వెళ్లినవారికి ఈ మూడు బాధలూ లేవు. అందుకే పగబట్టిన దేశాల మధ్య తొలి మాట చాలాసార్లు శవపేటిక పక్కనే పడింది.

2025 ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో కెమెరాల ముందే వాదులాడుకున్న ట్రంప్, జెలెన్‌స్కీ మళ్లీ ఎదురుపడింది ఏప్రిల్ 26న, పోప్ ఫ్రాన్సిస్ అంత్యక్రియల్లో. సెయింట్ పీటర్స్ బాసిలికాలో రెండు కుర్చీలు దగ్గరకు వేసుకుని పావుగంట మాట్లాడుకున్నారు. నాలుగు రోజుల తర్వాత ఉక్రెయిన్ ఖనిజాల ఒప్పందంపై సంతకాలు పడ్డాయి. ఆ పావుగంటే ఒప్పందాన్ని తెచ్చిందంటే అతిశయోక్తి. దాని కాగితాలు అంతకుముందు నుంచే తయారవుతున్నాయి. కానీ అంత రచ్చ జరిగాక ఇద్దరూ ఒక చోట కూర్చోవడానికి రోమ్‌కు మించిన సాకు దొరికేది కాదు.

వాటికన్ ఆచారం ఇందుకు మరో విధంగానూ సాయపడుతుంది. అక్కడ దేశాధినేతల కుర్చీలు వేసేది ఫ్రెంచి అక్షరక్రమంలో. పక్కన ఎవరు కూర్చోవాలో వర్ణమాలే తేలుస్తుంది. 2005 ఏప్రిల్‌లో పోప్ రెండో జాన్ పాల్ అంత్యక్రియల్లో ఇరాన్, ఇజ్రాయెల్ అధ్యక్షులు ఈ లెక్కనే దగ్గర దగ్గరగా కూర్చున్నారు. ఇజ్రాయెల్ అధ్యక్షుడు కత్సావ్ పుట్టింది ఇరాన్‌లోని యజ్ద్‌లో, ఇరాన్ అధ్యక్షుడు ఖతామీదీ ఆ ప్రాంతమే. ఇద్దరం చేతులు కలిపామని, పారశీకంలో మాట్లాడుకున్నామని కత్సావ్ చెప్పారు. అలాంటిదేమీ జరగలేదని ఖతామీ ఖండించారు. స్వదేశంలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు ఇలా కాదనడానికి వీలుండటం కూడా ఈ పద్ధతిలోని సదుపాయమే.

ఈ రకం దౌత్యానికి అసలైన బడి మాత్రం మాస్కో. 1982 నవంబరు నుంచి 1985 మార్చి దాకా, 28 నెలల్లో సోవియట్ అధినేతలు బ్రెజ్నెవ్, ఆంద్రొపోవ్, చెర్నెన్కో వరుసగా కన్నుమూశారు. అమెరికా అధ్యక్షుడు రీగన్ ఒక్కరి అంత్యక్రియలకూ వెళ్లలేదు. మూడింటికీ ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్‌నే పంపారు. ఉపాధ్యక్ష పదవి అంటే చావులకు విమానమెక్కడమే అని వాషింగ్టన్‌లో జోకు పుట్టింది. జోకు సరే, ఆ విమానాలు ఊరికే తిరగలేదు. బ్రెజ్నెవ్ అంత్యక్రియలకు చైనా తన విదేశాంగ మంత్రి హువాంగ్ హువాను పంపింది. 1969లో సరిహద్దులో తుపాకులు పేల్చుకున్న ఆ రెండు దేశాలూ అంతటి స్థాయిలో కలిసి చాలా ఏళ్లయింది.

రెండు జర్మనీల కథ ఇంకా విడ్డూరం. తూర్పు జర్మనీ నేత హోనెకర్ 1984 సెప్టెంబరులో పశ్చిమ జర్మనీ రావాల్సి ఉండగా మాస్కో ఒత్తిడితో ప్రయాణం రద్దయింది. కానీ ఆంద్రొపోవ్ అంత్యక్రియలప్పుడు మాస్కోలోనే ఆయన, పశ్చిమ జర్మనీ చాన్సలర్ హెల్ముట్ కోల్ మాట్లాడుకున్నారు. చెర్నెన్కో పోయినప్పుడు మళ్లీ కలిసి, జర్మన్ గడ్డ నుంచి ఇక యుద్ధం పుట్టకూడదంటూ ఉమ్మడి ప్రకటన కూడా ఇచ్చారు. హోనెకర్‌ను పశ్చిమానికి వెళ్లనివ్వని మాస్కో, తన ఊళ్లో జరిగే అంత్యక్రియలకు వచ్చినవాళ్లు మాట్లాడుకోవడాన్ని ఆపలేకపోయింది. చెర్నెన్కో అంత్యక్రియలకే బుష్ జేబులో రీగన్ ఉత్తరం ఉంది, కొత్త నాయకుడు గోర్బచేవ్‌ను భేటీకి ఆహ్వానిస్తూ. ఆ ఏడాది నవంబరులో రీగన్, గోర్బచేవ్ జెనీవాలో కలిశారు.

1967లో తెగిపోయిన చైనా, ఇండోనేసియా సంబంధాలకు అతుకు పడింది కూడా ఇలాగే. 1989 ఫిబ్రవరిలో జపాన్ చక్రవర్తి హిరోహితో అంత్యక్రియలకు వచ్చిన సుహార్తోను చైనా విదేశాంగ మంత్రి ఛియెన్ ఛిఛెన్ టోక్యోలో కలిశారు. మరుసటి ఏడాది ఆగస్టులో దౌత్య సంబంధాలు తిరిగి మొదలయ్యాయి.

వెళ్లడం కంటే వెళ్లకపోవడం ఎక్కువ గుర్తుంటుంది, ఊళ్లోనైనా, ప్రపంచంలోనైనా. 1994 జులై 8న ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సుంగ్ చనిపోయే నాటికి దక్షిణ కొరియా అధ్యక్షుడితో ఆయన భేటీకి తేదీ కూడా ఖరారైంది. అదే నెలాఖరులో ప్యాంగ్యాంగ్‌లో జరగాలి. దక్షిణ కొరియా ప్రభుత్వం సంతాపం చెప్పలేదు సరికదా, చెప్పబోయిన తన పౌరులను అడ్డుకుంది, సైన్యాన్ని అప్రమత్తం చేసింది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ మాత్రం సంతాపం తెలిపారు. కొద్ది నెలలకే, అక్టోబరులో అమెరికా, ఉత్తర కొరియాల మధ్య అణు ఒప్పందం కుదిరింది. రెండు కొరియాల అధినేతలు కలవడానికి 2000 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. సంతాపం ఒక్కటే కారణమనలేం గానీ, ఉత్తర కొరియా ఆ అవమానాన్ని చాలాకాలం ఎత్తిపొడిచింది. 2000లో దక్షిణ కొరియా అధ్యక్షుడిగా ఆ భేటీకి వెళ్లిన కిమ్ డే జుంగ్ 2009లో చనిపోయినప్పుడు సోల్‌కు ఉత్తర కొరియా బృందం వచ్చింది, అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడినీ కలిసి వెళ్లింది.

అలాగని ప్రతి పరామర్శా మంచిదే అనుకోనక్కర్లేదు. హిట్లర్ చనిపోయాడని తెలిశాక 1945 మే 2న ఐర్లండ్ ప్రధాని డి వలేరా డబ్లిన్‌లోని జర్మనీ రాయబారి దగ్గరకు వెళ్లి సంతాపం చెప్పారు. తటస్థ దేశంగా మర్యాద తప్పకూడదన్నది ఆయన వాదన. ప్రపంచం ఛీకొట్టింది. పిలుపుల జాబితా మొదలైతే ఈ ఆచారం తిరగబడుతుంది కూడా. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి అంత్యక్రియలకు బ్రిటన్ ఆహ్వానాలు పంపుతూ రష్యా, బెలారస్, మయన్మార్‌లను పక్కన పెట్టింది. రష్యా మండిపడింది. పలకరించడానికి రావద్దనడం ఏ సమాజంలోనైనా గట్టి దెబ్బే.

ఈ ఉపఖండానికి ఇవన్నీ కొత్త సంగతులు కావు. 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందంపై సంతకం చేసిన కొన్ని గంటల్లోనే లాల్ బహదూర్ శాస్త్రి మరణిస్తే, నాలుగు నెలల క్రితం ఆయనతో యుద్ధం చేసిన పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ సోవియట్ ప్రధాని కోసిగిన్‌తో కలిసి శవపేటికకు భుజం పట్టారు. ఇందిరాగాంధీ అంత్యక్రియలకు పాకిస్థాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ వచ్చారు. రాజీవ్ గాంధీ పోయినప్పుడు సొంత దేశంలో ఒకరికొకరు పడని నవాజ్ షరీఫ్, బేనజీర్ భుట్టో ఇద్దరూ ఢిల్లీలో కనిపించారు. 2018లో వాజ్‌పేయి అంత్యక్రియలకు పాకిస్థాన్ ఆపద్ధర్మ ప్రభుత్వం ఒక మంత్రిని పంపింది. వీటివల్ల కశ్మీర్ సమస్య తీరలేదు, తీరుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. మరోవైపు, మండేలా స్మారక సభలో అమెరికా అధ్యక్షుడు ఒబామా, క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో చేతులు కలపడం వెనక నెలల తరబడి రహస్య చర్చలున్నాయి. లోపల ఏదో ఒకటి నడుస్తుంటేనే బయటి కరచాలనానికి విలువ.

ఇప్పుడు దక్షిణాసియాలో అలా లోపల నడిచేవి తగ్గిపోయాయి. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 నవంబరులో కాఠ్‌మాండూలో జరిగిందే చివరిది. నాయకులు యథాలాపంగా ఎదురుపడే చోట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నప్పుడు, పొరుగు దేశంలో పెద్ద నాయకుడు పోతే ఎవరిని పంపాలన్నది ఆ వారపు కోపతాపాలకు వదిలేయడం తెలివైన పని కాదు. మాజీ ప్రధాని పోతే విదేశాంగ మంత్రి, పదవిలో ఉన్నవారు పోతే ప్రధాని లేదా ఉపరాష్ట్రపతి వెళ్లాలని భారత్ ఒక పద్ధతి పెట్టుకుని, పాకిస్థాన్‌తో సహా పొరుగువారందరికీ వర్తింపజేయవచ్చు. అప్పుడు వెళ్లిన ప్రతిసారీ మెత్తబడ్డారని ఇక్కడి ప్రతిపక్షం అనలేదు, వెళ్లనప్పుడు అవమానించారని అక్కడి పత్రికలు రాయలేవు.