రొక్కమంతా యాప్‌కి, అరువంతా కొట్టుకి

వీధి చివర పచారీ కొట్టు మూతపడితే ఊళ్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ షట్టరుతో పాటు ఏం మూతపడిందో తాపీ పనికి పోయే కూలీ ఇంట్లో అడగండి.

వారం కూలి శనివారం చేతికొస్తుంది. బియ్యం బుధవారమే నిండుకుంటాయి. ఆ మధ్య రోజుల్లో పొయ్యి వెలిగించేది షావుకారు పద్దు పుస్తకం. గోడకి ‘అరువు అడగవద్దు’ అని బోర్డు ఉంటుంది. దాని కిందే కూర్చుని అరువు రాసుకుంటాడాయన. హామీ సంతకం అడగడు, వడ్డీ వెయ్యడు. యాభై గ్రాముల చింతపండైనా పొట్లం కట్టిస్తాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలు సరుకు చేర్చలేక చేతులెత్తేస్తే, పనుల్లేని ఇళ్లకి పప్పూ ఉప్పూ ఇచ్చినవి ఈ కొట్లే.

ఆ అరువు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఒకటో తారీఖున జీతం తీసుకుని రొక్కమిచ్చి నెల సరుకులు కొనే ఇళ్ల నుంచి. ఆ రొక్కంతోనే షావుకారు టోకు వర్తకుడి బాకీ తీర్చి, కొత్త సరుకు దించి, కూలీ ఇంటికి అరువిస్తాడు. ఇప్పుడా జీతగాళ్లు ఫోన్లో వేలు నొక్కుతున్నారు. కొట్టుకు మిగిలింది అరువు బేరాలు, పొద్దుపోయాక పాల ప్యాకెట్లు. ఇలా ఏ కొట్టు నిలుస్తుంది?

యాప్‌లవాళ్లు చౌకగా ఇస్తున్నారు కదా అంటారు. ఎవరి డబ్బుతో? 2018లో వాల్‌మార్ట్ సుమారు 1,600 కోట్ల డాలర్లు పోసి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. అంత డబ్బు వెనక ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి నష్టానికి అమ్మగలరు. వీధి కొట్టు ఆరు నెలలు ఓర్చుకోలేదు. దీన్ని పోటీ అంటే నేనొప్పుకోను. 2024 ఆగస్టులో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ సైతం అమెజాన్ నష్టాల మీద ఇదే అనుమానం బయటపెట్టారు.

మరి చట్టం ఏం చేస్తోంది? ఎదుటివాణ్ణి వెళ్లగొట్టడానికి ఖర్చుకన్నా తక్కువకు అమ్మడం తప్పని 2002 నాటి కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ అంటుంది. కానీ అలా అమ్మే సంస్థకి మార్కెట్లో ఆధిపత్యం ఉందని ముందు తేలాలి. నాలుగు దిగ్గజాలు మార్కెట్‌ని పంచుకుంటే ఆధిపత్యం ఎవరిదని తేలుస్తారు? కొట్లన్నీ పోయి ఒక్కరే మిగిలాక తీర్పిచ్చి ఎవరికి లాభం? ఆ షరతు మార్చాలి, ఇప్పుడే మార్చాలి.

తూకంలో దగా చేసే కొట్లూ ఉన్నాయి. వాటిని నేను వెనకేసుకు రాను. కానీ దగా చేసిన షావుకారు తెల్లారితే అదే వీధిలో మన ఎదుట నిలబడాలి, నలుగురిలో నిలదీయొచ్చు. యాప్‌ని ఏ అరుగు మీదికి పిలుస్తాం?

జీతాలందుకునే మిత్రులారా, వచ్చే ఒకటో తారీఖున నెల సరుకుల చీటీ పట్టుకుని మీ వీధి కొట్టుకు నడవండి. రొక్కమిచ్చి కొనండి.