కథ వినని విక్రమార్కులు

పాత చందమామలు సేకరించేవారి నోట ఒక మాట తరచుగా వినవస్తూ ఉంటుంది: "మన సెట్టు పూర్తయిందండీ!" అభినందనలు చెప్పి, ఆ వెంటనే నేనొక ప్రశ్న వేస్తుంటాను: "చాలా సంతోషం. ఇప్పుడు వాటిని ఎవరు చదువుతున్నారు?" సమాధానంగా బీరువా తాళంచెవులు చూపించినవారున్నారు, ప్లాస్టిక్ తొడుగులు చూపించినవారున్నారు, సెట్టు ఎంత ధర పలుకుతుందో చెప్పినవారున్నారు. చదువరిని చూపించినవారు మాత్రం అరుదు. కనుక మొహమాటం పక్కనపెట్టి చెబుతున్నాను: ఎవరి కంటా పడని సెట్టు, అందులో ఒక్క సంచిక తగ్గకపోయినా సరే, పూర్తయిన సెట్టు కాదు.

అందని ద్రాక్ష పుల్లన అన్నట్టుగా మాట్లాడుతున్నానని అనుకునేవారికి నా సంగతి కూడా విన్నవించుకోవాలి. నేనూ ఆ బాపతువాణ్ణే. 1947 జూలైలో వెలువడిన తొలి సంచిక మొదలు, కొడవటిగంటి కుటుంబరావు గారు కన్నుమూసిన 1980 ఆగస్టు దాకా, నెలకొకటి లెక్కన 398 సంచికలు. అదీ నేను పెట్టుకున్న హద్దు. ఇప్పటికి 371 చేరాయి, 27 మిగిలాయి. మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి. ఏ వైపు బస్సెక్కినా ఎక్కడో ఒకచోట పాత కాగితాలు తూకానికి కొనే అంగడి తగలకపోదు. ప్రొద్దుటూరులో, కడపలో అటువంటి అంగళ్ళ ముందు గొంతుకూర్చుని గుట్టలు తిరగేశాను. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాటల మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో దుమ్ము పీల్చాను. సెట్టు పూర్తిచేయాలన్న ఆరాటం ఎటువంటిదో నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ ఆరాటం తప్పని కూడా నేననను. దానికొక న్యాయం ఉంది. చందమామలో బేతాళ కథ ఏ నెలకానెల ముగుస్తుంది. రాజు మౌనం వీడగానే శవంతో సహా బేతాళుడు చెట్టెక్కుతాడు. ఒక సంచిక పోతే ఒక కథ పోతుంది, అంతే. ధారావాహికల సంగతి అలా కాదు. 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' మొదలుకొని ఆయన సీరియళ్ళలో ఏ ఒక్కదాన్నైనా తీసుకోండి. నడుమ ఒక్క నెల సంచిక లేకపోతే వీరుడు ఏ గుహలో చిక్కాడో, ఎలా బయటపడ్డాడో తెలియదు. కథకు చిల్లి పడుతుంది. ఆ చిల్లి పూడ్చుకోవాలనే తపనే సేకర్తను ఊరూరా తిప్పుతుంది. అంటే పూర్తి సెట్టు అనే కోరిక పుట్టిందే చదవాలనే కోరికలోంచి. ఈ పుట్టుకను మరిచిపోవడంతోనే తెగులు మొదలయింది.

తెగులు లక్షణాలు మీకూ తెలిసినవే. ఒకటి, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం కోసం అట్ట చించి, పటం కట్టించి, మిగిలిన పుస్తకాన్ని అనాథగా వదిలేయడం. రెండు, ఎవరో ముందుతరం పెద్దలు ఏడాది సంచికలు కలిపి కుట్టించుకున్న బైండును విప్పి, విడివిడిగా ఎక్కువ ధరకు అమ్ముకోవడం. మూడు, లోపల పిల్లవాడెవడో పెన్సిలుతో పేరు రాసుకున్నాడనీ, ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలో తన వ్యాఖ్య గిలికాడనీ ఆ ప్రతిని మైలపడినదానిలా చూడటం. ఆ గీతలే కదా ఆ పుస్తకం ఒక ఇంట్లో బతికిందనడానికి సాక్ష్యం! నాలుగు, అన్నిటికంటె ఘోరమైనది, కొన్న ప్రతిని తెరిచైనా చూడకుండా తొడుగులో వేసి సీలు చేయడం.

ఈ నాలుగో అలవాటు మన మట్టిలో పుట్టింది కాదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కలు సేకరించేవారున్నారు. అక్కడి ఒక పొగాకు కంపెనీ 1909 నుంచి 1911 దాకా సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చిన బొమ్మల వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు మహా అరుదు. అటువంటి ఒక కార్డు 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయింది. అక్కడ కార్డును పరీక్షించి, మచ్చలనూ మూలల అరుగుదలనూ లెక్కగట్టి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో శాశ్వతంగా బంధించే సంస్థలున్నాయి. వారి మీద నాకు పేచీ లేదు. కార్డు అనేది చూసే వస్తువు, దానికి ఉన్నవి రెండే ముఖాలు. పలకలో బిగించినా రెండూ కనబడతాయి. ఆ కార్డు పోగొట్టుకున్నదేమీ లేదు. చందమామకు ముఖచిత్రం వెనక అరవైకి పైగా పుటలున్నాయి. దాన్ని అదే పద్ధతిలో బంధిస్తే మిగిలేది అట్ట ఒక్కటే. కార్డుకు పనికివచ్చే న్యాయం పుస్తకానికి పనికిరాదన్న ఇంగితం మనకు ఉండనక్కరలేదా?

పోయినేడు జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను. నాకు లేని 27లో ఒకటి జమ్మలమడుగు వైపు ఒక పెద్దమనిషి దగ్గర ఉన్నదని తెలిసి వెళ్ళాను. అమ్మమని అడగలేదు, మార్పిడి కూడా అడగలేదు. "అన్నా, ఇక్కడే మీ కళ్ళెదుట కూర్చుని సీరియల్ భాగం ఒక్కటి చదువుకుని పోతాను" అన్నాను. ఆయన మర్యాదగా కాఫీ ఇచ్చి, మర్యాదగానే కాదన్నాడు. "ఒకరికి చూపిస్తే నలుగురొస్తారు. నలుగురూ చూసింది అరుదెట్లయితది? దాని విలువ పోతుంది" అన్నాడు. ఆ మాటలో కల్లాకపటం లేదు. ఆయన మనసారా నమ్మినదే చెప్పాడు. ఆ నమ్మకం మీదే నా దండయాత్ర, ఆ మనిషి మీద కాదు. తొలి సంచిక నాటినుంచి చందమామ వెల పిల్లలు తల్లిదండ్రుల దగ్గర అడిగి తెచ్చుకోగలిగినంతలోనే ఉండేది. ఒక ఇంట్లో కొన్నది వీధంతా చదివేది. నలుగురు చదివితే విలువ పోతుందన్న మాట చందమామ విషయంలో అన్నామంటే, ఆ పత్రిక ఎందుకు పుట్టిందో మనకు తెలియనట్టే.

ఆ పుట్టుకలో మా జిల్లాకూ పాలుంది. చక్రపాణి గారితో కలిసి చందమామను స్థాపించిన బి. నాగిరెడ్డి గారు 1912లో కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారు. మద్రాసులో తమ సొంత అచ్చుకూటంలో తెలుగు, తమిళ సంచికలను 1947 జూలైలోనే తెచ్చారు. పోను పోను దేశభాషలు ఎన్నో చేరాయి. 1952 నుంచి కుటుంబరావు గారు, ఆ తరువాత దాసరి గారు పత్రికలో చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. అయినా రాసిన కథలకూ సీరియళ్ళకూ తమ పేర్లు పెట్టుకోలేదు. రాసినవారే "ఇది నాది" అనుకోని పత్రికను, కొనుక్కున్నవారు "ఇది నాది, ముట్టుకోవద్దు" అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

సేకరణ అంటే ఎలా ఉండాలో చూపినవాడు కూడా మా కడపలోనే తిరిగాడు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. తరువాతి కాలంలో తన బంగళాలో సొంత జీతాలిచ్చి పండితులను పెట్టుకున్నాడు. తాళపత్రాలు ఎక్కడున్నాయంటే అక్కడినుంచి తెప్పించాడు. ఆయనకు చేరిన ప్రతులు ఏవీ నిర్దుష్టమైనవి కావు. ఒకదానిలో నడుమ ఆకులు లేవు, ఒకదానిలో పద్యాలు తారుమారు, ఒకదాన్ని పురుగు తొలిచింది. వాటిని పక్కపక్కన పెట్టి సరిపోల్చి, ఒకదాని లోటు మరొకదానితో పూడ్చి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించి, 1839లో మరిన్ని పద్యాలు చేర్చి మళ్ళీ వేశాడు. సేకరించిన రాతప్రతుల రాశిని చివరకు మద్రాసులో ఒక సంస్థకు అప్పగించాడు. ఆ బంగళా ఉన్న చోటనే నేడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది.

బ్రౌను దొర కూడా "నలుగురు చూస్తే విలువ పోతుంది" అని పెట్టెలో పెట్టుకుని ఓడెక్కి ఉంటే? ఆయన దగ్గర ఉన్నవి మన సంచికల కంటె ఎన్నో రెట్లు అరుదైనవే కదా. ఆయనకు పూర్తి ప్రతి అంటే మచ్చలేని ప్రతి కాదు. చదివితే ఆద్యంతం అర్థమయ్యే ప్రతి. మరి మనవాళ్ళు చిరిగిన పేజీ స్థానంలో జెరాక్సు కాగితం కనిపిస్తే ముఖం చిట్లిస్తారు! నా 371లో పదకొండింటికి జెరాక్సు పుటలున్నాయి. కథ తెగదు. నాకు సిగ్గూ లేదు.

ఇక అభ్యంతరాలు. "నా డబ్బు పెట్టి కొన్నాను, నా ఇష్టం" అనేది మొదటిది. చట్టం మీ పక్షమే. నేను అడుగుతున్నది చట్టాన్ని కాదు, మీ మనసును.

రెండవది, "చేతులు మారితే కాగితం పాడవుతుంది." ఇది అబద్ధం కాదు. కానీ తాళం వేస్తే పాడవదన్నది మాత్రం అబద్ధమే. ప్రొద్దుటూరుకు రెండవ బొంబాయి అని పేరు తెచ్చినవాటిలో బంగారం ఒకటి. ఇనప్పెట్టెలో వందేళ్ళు పెట్టినా బంగారం బంగారమే. ఆనాటి చవకరకం కాగితం అలా కాదు. దానిలోని ఆమ్లమే దాన్ని తింటుంది. పచ్చబడి, గోధుమరంగుకు తిరిగి, చివరకు మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. పిన్నులు తుప్పుపట్టి నడిమి పేజీలు ఊడతాయి. మా ఎండలు, చెదలు ఉండనే ఉన్నాయి. మీరు చదవనివ్వకుండా కాపాడుతున్నది, ఎవరూ చదవకుండానే పోతుంది. జాగ్రత్తగా తిరగేసే చదువరి చేసే నష్టం దీనిముందు ఎంత?

మూడవది, హక్కుల ప్రశ్న. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ళ దాకా రచన మీద హక్కులు నిలుస్తాయి. కుటుంబరావు గారి విషయంలో ఆ గడువు తీరేది 2040 చివర. కనుక ప్రతులు తీసి ఊరంతా పంచండి అని నేను అనడం లేదు. ఒకరి ఇంట మరొకరు కూర్చుని చదువుకోవడానికి ఏ హక్కుల చట్టమూ అడ్డురాదు. గ్రంథాలయానికి ఇవ్వడానికీ అడ్డురాదు. పైగా, గడువు తీరిననాడు అచ్చువేయడానికి మూలప్రతి అంటూ ఒకటి మిగలాలి కదా! హక్కులు తీరేలోగా కాగితాలు తీరిపోతే ఆ స్వేచ్ఛ ఎవరికి?

"అన్నీ ఇంటర్నెట్లో ఉన్నాయిగా" అనేవారికి కూడా ఒక మాట. 2007లో చందమామ ఒక ముంబై కంపెనీ చేతికి వెళ్ళింది. పాత సంచికలు సంస్థ వెబ్‌సైటులోనే చదువుకునే వీలు కలిగితే మనమంతా పండగ చేసుకున్నాం. 2013 నాటికి పత్రిక అచ్చు ఆగిపోయింది, అనంతరం ఆ వెబ్‌సైటూ పోయింది. ఎవరో ఒకరి దయ మీద నిలిచినది ఆ దయ ఉన్నంతకాలమే నిలుస్తుంది. విక్రమార్కుణ్ణి శవంతో సహా మన కళ్ళకు కట్టిన శంకర్ గారు 2020లో వెళ్ళిపోయారు. ఆ తరం మనుషులు మిగలలేదు. కాగితాలే మిగిలాయి.

శంకర్ గారి బొమ్మ తలచుకున్నప్పుడల్లా నాకు మన సేకర్తలే గుర్తుకొస్తారు. విక్రమార్కుడు పట్టు వదలడు, శవాన్ని దింపి భుజాన వేసుకుంటాడు. వీరూ అంతే, పట్టు వదలరు, దింపుతారు, మోస్తారు. తేడా ఒక్కటే. రాజు కథ వింటాడు. విన్నాక తనకు తెలిసింది చెబుతాడు, చెబితే చేతికందింది పోతుందని తెలిసీ చెబుతాడు. వీరు మోయడమే తప్ప వినరు, చెప్పరు.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ప్రతి సేకర్తా తన దగ్గర ఉన్న సంచికల జాబితా నెల, ఏడాది, లేని పుటల వివరంతో రాసి నలుగురికీ తెలిసేలా పెట్టాలి. రెండో ప్రతులను అమ్మకానికి కాక మార్పిడికి ఉంచాలి. బైండులు విప్పకూడదు, అట్టలు కోయకూడదు. తన తదనంతరం సెట్టు ఏ గ్రంథాలయానికి చేరాలో ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పి, కాగితం మీద పెట్టాలి. పిల్లలకు ఆసక్తి లేకపోతే అది మళ్ళీ చేరేది తూకపు అంగడికే! 1918లో వేటపాలెం అనే చిన్న ఊరిలో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను దాచింది గనుకనే నేటికీ పరిశోధకులు వెతుక్కుంటూ అక్కడికి వెళుతున్నారు. ఊరు చిన్నదైతేనేం, తలుపు తెరిచి ఉంది.

నా జాబితా సిద్ధంగా ఉంది: ఉన్నవి 371, లేనివి 27, రెండో ప్రతులు 40. మైదుకూరు వచ్చినవారు ఎవరైనా మా ఇంట్లో కూర్చుని ఏ సంచికనైనా చదువుకోవచ్చు. చేతులు కడుక్కుని ముట్టుకోమని అడుగుతాను, అంతకుమించి షరతు లేదు. మిత్రులారా, ఇప్పుడు మీ జాబితాలు చూపించండి.