‘గుడ్’ అంటే బాగాలేదని!

అటక సర్దే రోజున చాలా ఇళ్లలో ఒక పెట్టె కిందికి దిగుతుంది. మీద వేలెడు దుమ్ము. లోపల అట్టల మధ్య నల్లటి పళ్లేలు. లేబుల్ మీద గ్రామఫోను ముందు చెవి రిక్కించి కూచున్న కుక్క బొమ్మ. ‘పాత సామాన్లవాడికి వేసెయ్’ అంటారు ఒకరు. ‘అయ్యో, అవి ఇప్పుడు లక్షలు పలుకుతున్నాయట’ అంటారు అప్పుడే రీల్ చూసొచ్చిన ఇంకొకరు. రెండు మాటలూ నమ్మకండి. ఆ రికార్డులు కిలోల లెక్కన తూచి ఇచ్చేవి కావు. అలాగని హోమ్ లోన్ తీర్చేసేవీ కావు. ఒక్కోదాన్ని విడిగా చూసి, విడిగా వెల కట్టాలి. ఆ పనంతా ఫోన్‌లోనే అయిపోతుంది. కాకపోతే బోలెడు ఓపిక కావాలి. ఓపిక కన్నా ఎక్కువ నిజాయతీ కావాలి.

అసలు కొనేవాళ్లున్నారా అంటారా? ఉన్నారు. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మన దగ్గర అంత సీన్ లేదు గానీ హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో కొత్తగా టర్న్‌టేబుల్ కొన్న కుర్రాళ్లు దాని మీద వెయ్యడానికి పాత రికార్డుల కోసం తిరుగుతున్నారు. ఒకప్పుడైతే గురువారం పొద్దున్నే జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లి పాత సామాన్ల గుట్టల్లో వెతుక్కోవాలి. ఇప్పుడు ఫేస్‌బుక్ గ్రూపులు, ఇన్‌స్టా పేజీలు, ఓఎల్ఎక్స్, ఈబే, వీటన్నిటికీ తోడు రికార్డుల కోసమే ఉన్న డిస్కాగ్స్.

పెట్టెలో ఏముంది?

ముందు మూడు కుప్పలు పెట్టండి. బరువుగా, పింగాణీ పళ్లెంలా గట్టిగా ఉండి, 78 ఆర్‌పీఎం వేగంతో తిరిగేది లక్కతో చేసిన పాత రికార్డు. వైపుకి మూడు నిమిషాల పాట. చేతిలోంచి జారిందా, ముక్కలే. 1950ల నాటి సినిమా పాటలు, నాటక పద్యాలు ఎక్కువగా వీటి మీదే వచ్చాయి. ఏడంగుళాల చిన్నది, 45 వేగంతో తిరిగి వైపుకి ఒకటో రెండో పాటలు వినిపించేది ఈపీ. పన్నెండంగుళాల పెద్దది, 33⅓ వేగంతో తిరిగేది ఎల్పీ. వినైల్ అని జనం వెతికేది ప్రధానంగా ఈ రెండింటి కోసమే.

తర్వాత లేబుల్ చదవండి. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్, ఏంజెల్ అని రకరకాల పేర్లు కనిపిస్తాయి. మన దేశంలో ఇవి ఎక్కువగా గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా వేసినవే. ఇప్పటి సారెగామా అదే. లేబుల్ మీదున్న క్యాటలాగ్ నంబర్ రాసుకోండి. పాటలు అయిపోయాక లేబుల్‌కి ముందు నున్నటి భాగం ఒకటి ఉంటుంది చూశారా, అక్కడ చెక్కిన చిన్న నంబర్ కూడా రాసుకోండి. రికార్డుకి ఆధార్ లాంటివి ఇవి. హిట్టయిన పాటల రికార్డుల్ని కంపెనీలు మళ్లీ మళ్లీ అచ్చు వేసేవి. మొదటి అచ్చుకీ తర్వాతి అచ్చుకీ రేటులో బాగా తేడా ఉంటుంది. మీ దగ్గరున్నది ఏదో తేల్చేది ఆ నంబర్లే.

చెప్పిన రేటు, పలికిన రేటు

ఎవరో ఒక ఎల్పీకి పదివేలు అని పెట్టారు. అది చూసి మీరూ పదివేలు పెట్టారు. ఇక ఇద్దరూ కలిసి ఎదురుచూస్తూ కూచోవాల్సిందే. చూడాల్సింది అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర. డిస్కాగ్స్‌లో ఒక్కో రికార్డు పేజీ తెరిస్తే అది ఇంతకుముందు తక్కువలో తక్కువ ఎంతకి పోయింది, ఎక్కువలో ఎక్కువ ఎంతకి పోయింది అన్నీ కనిపిస్తాయి. ఎంతమంది దగ్గరుంది, ఎంతమంది కావాలంటున్నారు అన్న లెక్క కూడా ఉంటుంది. ఈబేలో అయితే ‘సోల్డ్ ఐటమ్స్’ అన్న ఫిల్టర్ నొక్కండి. అసలు బజారు అక్కడ తెలుస్తుంది.

పాతదైతే చాలు, ఖరీదు అనుకోవడం పొరపాటు. ఘంటసాల భగవద్గీత రికార్డునే తీసుకోండి. వినేవాళ్లకి అది అమూల్యం. కానీ ఎన్నో ఇళ్లలో ఉంది కాబట్టి మామూలు కాపీకి పోటీపడి డబ్బు పెట్టేవాళ్లుండరు. దీనికి పూర్తిగా రివర్స్ కథ చరణ్‌జీత్ సింగ్‌ది. బొంబాయి సినిమా పాటలకి వాయించిన ఆయన 1982లో పది రాగాలని సింథసైజర్ల మీద డిస్కో బీటుకి కట్టి ఎల్పీగా తెచ్చారు. హెచ్ఎంవీ వేసింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ విడుదలయ్యాక విదేశాల్లో డీజేలు నోరెళ్లబెట్టారు. షికాగోలో ‘యాసిడ్ హౌస్’ అనే సంగీతం పుట్టకముందే అచ్చం అలాంటి సౌండ్ మనవాళ్ల రికార్డులో ఉందని! దాంతో ఆ పాత కాపీల కోసం వేట మొదలైంది. కాబట్టి పేరు తెలీని రికార్డుని పక్కన పడేసేముందు ఒక్కసారి నంబర్ కొట్టి చూడండి.

గ్రేడ్ల గోల

రికార్డుల బజారుకి సొంత భాష ఒకటుంది. గోల్డ్‌మైన్ అనే అమెరికన్ పత్రిక వాడుకలోకి తెచ్చిన గ్రేడ్లనే చాలాచోట్ల పాటిస్తారు. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్. కొత్తగా అమ్మేవాళ్లు తడబడేది ఇక్కడే.

స్కూల్లో టీచర్ ‘గుడ్’ అని రాస్తే ఇంట్లో చాక్లెట్ దొరికేది. రికార్డుల లోకంలో ‘గుడ్’ అంటే గీతలు పడి, గరగరలాడుతూ, ఎలాగోలా చివరిదాకా పాడుతుందని అర్థం. ‘వెరీ గుడ్’ అన్నా సరే, పాట మధ్యలో చిటపటలు వినిపిస్తాయనే. గోల్డ్‌మైన్ లెక్క ప్రకారం నియర్ మింట్ రికార్డు వంద రూపాయలైతే వెరీ గుడ్ ప్లస్‌కి యాభై, వెరీ గుడ్‌కి పాతిక, గుడ్‌కి పది పదిహేను. చక్కటి ఎల్పీ పెట్టి, మంచి మాటే కదా అని ‘గుడ్ కండిషన్’ అని రాశారనుకోండి, మీ చేత్తో మీరే రేటు కోసేసుకున్నట్టు. గీతలున్నదానికి ‘మింట్’ అని రాస్తే రికార్డు తిరిగొస్తుంది, దాంతోపాటు ఓ చెడ్డ రివ్యూ కూడా వస్తుంది. సీలు కూడా విప్పని వాటికి తప్ప ‘మింట్’ జోలికి పోకపోవడమే క్షేమం.

చూడటం ఎలా? గదిలో లైటు తగ్గించి ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టండి. పగటి వెలుగులో దాక్కున్న గీతలన్నీ బయటపడతాయి. గీత మీద గోరు మెల్లగా ఆనించండి. గోటికి తగిలిందంటే సూదికీ తగులుతుంది, పాటలో టిక్‌మంటుంది. వీలైతే రెండు వైపులా వేసి వినండి. అట్టకి వేరే గ్రేడ్ ఇవ్వాలి, మర్చిపోకండి. మైకు సెట్టు వాళ్ల దగ్గర్నుంచి చేతులు మారి వచ్చిన రికార్డుల మీద రబ్బరు స్టాంపు ఉంటుంది. పెళ్లి పందిళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో అరిగిన రికార్డులవి. స్టాంపు సంగతీ, అరుగుదల సంగతీ రెండూ చెప్పాలి.

ఎందుకింత చాదస్తం అంటే, షాపులో అయితే కొనేవాడు చేత్తో తిప్పి చూస్తాడు, వేయించుకుని వింటాడు. ఫోన్‌లో కొనేవాడికి ఉన్నదల్లా మీ నాలుగు ఫొటోలు, నాలుగు లైన్లు. మీ మాట మీద డబ్బు పంపుతున్నాడు. ‘ఎల్పీ వెరీ గుడ్ ప్లస్. రెండో వైపు మూడో పాటలో పది సెకన్లు టిక్ వస్తుంది. అట్ట వెరీ గుడ్, కింది అంచు రెండంగుళాలు చిరిగింది. లేబుల్ మీద పెన్నుతో పేరు రాసి ఉంది.’ ఇలా రాస్తే ఎవరు కొంటారని భయపడక్కర్లేదు. ‘సూపర్ కండిషన్ బ్రో’ అన్న పోస్టు కన్నా ఇదే ముందు అమ్ముడవుతుంది. లోపాలు ఇంత వివరంగా చెప్పినవాడు ఇంకేదో దాస్తున్నాడని ఎవరూ అనుకోరు. రెండోసారి కూడా మీ దగ్గరికే వస్తారు.

కడగడం, కట్టడం

దుమ్ము పోవాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క లిక్విడ్ సోప్ వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాళ్ల వెంటే గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవకూడదు. కొబ్బరినూనె, శానిటైజర్ లాంటి సొంత వైద్యం వద్దు. ముఖ్యంగా 78 రికార్డుల మీద శానిటైజర్, స్పిరిట్ అస్సలు వెయ్యొద్దు. ఆల్కహాల్ లక్కని కరిగించేస్తుంది. అమ్మేదాకా నిలబెట్టే ఉంచండి, ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చొద్దు. మే నెల ఎండలో కారులో వదిలేస్తే ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది.

పంపేటప్పుడు రికార్డుని అట్టలోంచి తీసి, లోపలి కవర్‌తో సహా అట్ట వెనకాల పెట్టండి. దారిలో కుదుపులకి రికార్డు అంచే అట్టని లోపల్నుంచి చీల్చేస్తుంది కాబట్టి. రెండు వైపులా గట్టి అట్టముక్కలు, మూలలకి ఇంకాస్త మందం, బయట ‘వంచవద్దు’ అన్న మాట. కిరాణా కొట్టు కార్టన్ కోసుకుంటే ఖర్చు కూడా ఉండదు. ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీసుకోండి. రేపు ‘విరిగిన రికార్డు పంపావు’ అని గొడవొస్తే అదే సాక్ష్యం.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త. బేరమైనా ఆడకుండా ‘ఓకే, అన్నీ తీసుకుంటా’ అని, ‘ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు పడుతుంది’ అనేవాడు దొంగ. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే.

ఏవి ఉంచుకోవాలి?

ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న మిగిలుంటుంది. ఆ పెట్టె ఎవరిది? అటక మీద ఉన్నంతమాత్రాన అక్కర్లేనిదని కాదు. మోకాళ్ల నొప్పులతో ఎక్కి తీసుకోలేక ఊరుకున్న నాన్నగారో, ప్లేయర్ పాడయ్యాక బాగుచేసేవాళ్లు దొరక్క వదిలేసిన అమ్మమ్మో ఉండొచ్చు. లిస్టింగ్ పెట్టేముందు పెట్టె వాళ్ల ముందు తెరవండి. ఏది ఎప్పుడు కొన్నారో చెప్పనివ్వండి. తొందరపెట్టకండి. చెబుతున్నప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటే ఇంకా మంచిది.

కొన్ని అట్టల మీద సిరాతో ‘పెళ్లి కానుకగా’ అనో, ఓ తేదీతో పాటు ఇంటిపేరో ఉంటుంది. కొనేవాళ్ల గ్రేడ్లలో ఆ రాత ఒక లోపం, దానివల్ల రేటు తగ్గుతుంది. మీ ఇంట్లో మాత్రం ఆ చేతిరాత ఇంకెక్కడా దొరకకపోవచ్చు. ఐదొందలకి అమ్మేశాక ఐదువేలు ఇస్తానన్నా వెనక్కి రాదు. అలాంటివి పక్కన పెట్టేయండి.

ఇంకొన్నింటిని కూడా చూసుకోండి. సినిమా పాటలు యాప్‌లలో దొరుకుతాయి. ఊరి నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు అన్నీ దొరకవు. పేరు కొట్టి వెతకండి. ఎక్కడా కనిపించకపోతే ప్లేయర్ ఉన్నవాళ్ల దగ్గర వేయించి మీకోసం ఒక కాపీ చేసిపెట్టుకుని అప్పుడు అమ్మండి. కాపీ మీ ఇంటికే. రికార్డు అమ్మొచ్చు గానీ అందులోని పాటని ఎంపీత్రీలుగా చేసి అమ్మితే కాపీరైట్ కేసు కావచ్చు.

ఈ రెండు రకాలూ తీసేశాక మిగిలినవాటిని మళ్లీ అటకెక్కించకండి. అక్కడ వేడికి వంకరపోవడం, వానాకాలం బూజు పట్టడం తప్ప వాటికి జరిగేదేం లేదు. ఈ ఆదివారం ఓ ఐదు బయటికి తీసి, టార్చ్ కొట్టి, ఉన్నదున్నట్టు రాసి పెట్టండి. ఎక్కడో ఒక కుర్రాడు కొత్త ప్లేయర్ కొనుక్కుని, దాని మీద వెయ్యడానికి తెలుగు పాట కోసం వెతుకుతూనే ఉంటాడు.