చేతిచదువు

చదువనగా పుస్తకమనియు, పుస్తకమనగా పరీక్షయనియు మనలో అనేకులు తలంచుచున్నారు. ఇరువది సంవత్సరములుగా నల్లబల్లయొద్ద నిలిచి పాఠములు చెప్పుచున్న నేనును అట్లే తలంచితిని. కాని మా పట్టణములోని యొక ప్రత్యేక పాఠశాలకు కొన్ని శనివారములు పోయి, అక్కడి పని చూచిన మీదట నా యభిప్రాయము మారినది. అందులకు కారణమును విద్యార్థులకును, తలిదండ్రులకును, తోటి యుపాధ్యాయులకును విన్నవించుట నా విధియని యెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట నా తప్పు నొప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. నోటితో అడిగిన ప్రశ్నకు చక్కగా ఉత్తరము చెప్పును. పెన్సిలు పట్టినచో అక్షరములు గీత దాటిపోవును; సగము పుట నిండకమునుపే తల బల్లమీద వాల్చును. వాడు సోమరియని నేను నిశ్చయించి, పాఠమును పదిసారులు వ్రాయుమని శిక్ష విధించితిని. వ్రాసినకొలదిని వాని వ్రాత మరింత చెడెను. తుదకు వాని తల్లి వానిని ఆ ప్రత్యేక పాఠశాలలో పనిచేయు ఆక్యుపేషనల్ థెరపిస్టుగారి యొద్దకు తీసికొనిపోయెను. ఆమె మొదట వాని పుస్తకము నడుగలేదు. వానిని కుర్చీమీద కూర్చుండబెట్టి, వాని పాదములను చూచిరి. అవి నేలకంటక వ్రేలాడుచుండెను. నడుము నిలువనిదే భుజము నిలువదనియు, భుజము నిలువనిదే వ్రేళ్లు చక్కగా పనిచేయవనియు ఆమె తెలిపిరి. పాదములక్రింద ఒక పీట, పుస్తకముక్రింద ఏటవాలు పలక, పెన్సిలుకు లావైన పట్టు, వ్రాతకు కొంత హెచ్చు సమయము, వ్రేళ్లకు బలమిచ్చు కొన్ని ఆటలు: ఆమె చెప్పినవి యివియే. కొన్ని నెలలకు వాడు పుటనిండ వ్రాయసాగెను. అందముగా కాదుగాని, చదువుకొనుటకు వీలుగా. సోమరితనమని నేను శిక్షించినది చేతి బలహీనత. అది తెలిసిన దినమున నేను వానిని పిలిచి, క్షమింపుమని యడిగితిని.

ఈ విద్యను తెలుగున వృత్తి చికిత్సయని పిలుచుటచేత, ఇది పెద్దలకు జీవనోపాధి నేర్పు పనియని కొందరు పొరబడుచున్నారు. ఇచ్చట వృత్తియనగా మనుష్యుడు ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చేయు పనులన్నియు. బిడ్డకు ఆ పనులేవి? పండ్లు తోముకొనుట, చొక్కా తొడుగుకొనుట, అన్నము తినుట, ఆడుకొనుట, వ్రాయుట. ఇవి చేయలేని బిడ్డకు చేయు మార్గము చూపుటయు, కావలసినచోట పనిముట్టునైనను, కూర్చుండు చోటునైనను మార్చుటయు ఈ చికిత్స. 1917వ సంవత్సరమున అమెరికా దేశమందలి క్లిఫ్టన్ స్ప్రింగ్సు అను ఊర కొందరు కూడి దీనికై ఒక సంఘమును స్థాపించిరి. మన దేశమున దీనిని నేర్పు మొదటి పాఠశాల 1950లో బొంబాయిలోని కె.ఇ.యం. ఆసుపత్రియందు శ్రీమతి కమలా నింబ్కర్‌గారి కృషివలన వెలసెను. ఆమె అమెరికాలో పుట్టి, మన దేశస్థుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొనిన స్త్రీ.

ఆ ప్రత్యేక పాఠశాలలో నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. పదియేండ్ల బాలిక యొకతె అంతవరకు తల్లి చేతి ముద్దయే తినుచుండెను. థెరపిస్టుగారు ఆమెకు నేర్పిన రీతి నాకు వింతగా తోచినది. మనము పాఠమును మొదటినుండి చెప్పుదుము. ఆమె తుదినుండి మొదలుపెట్టిరి. అన్నము తామే కలిపి, ముద్దచేసి, బాలిక వ్రేళ్లలో నుంచి, నోటికి తీసికొనిపోవు పని మాత్రము ఆమెకు విడిచిరి. అది అలవడిన తరువాత ముద్ద చేయుట. ఆ తరువాత కలుపుట. మొదట ముద్దపప్పు అన్నము, ఏలయనగా అది వ్రేళ్లకు అంటి నిలుచును. చారన్నము చాల దినములకు గాని రాలేదు. చొక్కా బొత్తాములును ఇట్లే. అన్నియు తాము పెట్టి, కడపటి దానిని బిడ్డకు విడుతురు. అందుచేత ప్రతిదినమును పని ముగించినది బిడ్డయే యగుచున్నది. అక్కడి సాధనములును మన యిండ్లలోనివే: బియ్యములో రాళ్లేరుట, వేరుసెనగకాయ లొలుచుట, చపాతీపిండి పిసుకుట, తడిగుడ్డ పిండుట.

ముద్ద తినుట చదువగునా యని కొందరడుగుదురు. ఆ బాలిక తల్లి నాతో ననిన మాటయే దీనికి ఉత్తరము. “అయ్యగారూ, మేము పోయిన తరువాత దీనికి అన్నమెవరు తినిపింతురు?” అని ఆమె యనెను. అట్టి బిడ్డలుగల ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు రాత్రులందు నిద్రలేక తలపోయు ప్రశ్న యిదియే. దానికి ఉత్తరమునిచ్చు పాఠము చదువు కాకపోయిన, మరి యేది చదువు?

ఇందు గొప్ప ఆటంకము నిర్దయ కాదు, ప్రేమయే. బడికి ఆలస్యమగునని బొత్తాములు మనమే పెట్టుదుము. అన్నము చిందునని మనమే తినిపింతుము. జాలిచే మనమే మోయుదుము. బిడ్డకు పది నిమిషములు పట్టు పనిని మనము ఒక్క నిమిషములో ముగించునప్పుడెల్ల, వాడు నేర్చుకొనదగిన తొమ్మిది నిమిషములను తీసికొనుచున్నాము. థెరపిస్టుగారు వారమునకు ఒకటి రెండు పర్యాయములు మాత్రమే బిడ్డను చూడగలరు. తక్కిన గంటలన్నియు ఇంటివారివి. ఇంట ఓర్పు లేనిచో బడిలోని శ్రమ నిలువదు. అయితే కూలికి పోవు తల్లికి ఉదయమున ఆ పది నిమిషములు ఎక్కడ దొరకును? ఈ ప్రశ్న న్యాయమైనది. అట్టివారు దినమున కొక్క పని, ఒక్క పూట, ఒక్క బొత్తాము మాత్రము బిడ్డకు విడిచిన చాలును.

సువార్తలలో ఊచచెయ్యిగల మనుష్యుని వృత్తాంతమును మనమందరము ఎరుగుదుము. మన ప్రభువు వాని చేతిని తాను పట్టి చాపలేదు. చాపుమని వానితోనే చెప్పెను. స్వస్థపరచినది ఆయన శక్తియే. అయినను చేయి చాపినది ఆ మనుష్యుడు. కనికరము గలవారు ఎక్కడ ఆగవలెనో ఈ వృత్తాంతము తెలుపుచున్నదని నా తలంపు.

ఇక మన పాఠశాల సంగతి. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, నిర్ణీతమైన మేరకు వైకల్యముగల ఆరు మొదలు పదునెనిమిది యేండ్ల బాలబాలికలకు దగ్గరి బడిలోగాని, వారు కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. గనుక అట్టి బిడ్డలు మన వాకిటికి వత్తురు, రావలెను. వారిని చేర్చుకొనుటకు గొప్ప భవనములు కావలెనని చెప్పి వాయిదావేయుట తగదు. ప్రతి తరగతిలో రెండు పీటలుంచుదము. వ్రాత నెమ్మదియైనవారికి నోటిమాటగా ఉత్తరము చెప్పు అవకాశమిత్తము. గంట మ్రోగగానే చెవులు మూసికొను బిడ్డను అల్లరివాడని గదమాయింపక, ముందుగా ఒక మాట చెప్పి సిద్ధపరతము. వీటికి ధనము అంతగా అక్కరలేదు.

విద్యార్థులారా, వైద్యులును ఇంజినీర్లును కాగోరువారు మీలో చాలమంది కలరు. ఈ విద్యకును పట్టపు చదువు కలదని ఎరుగుడు. ఇందులో చేరువారికి పేరు అంతగా రాకపోవచ్చును. మీ పని సఫలమైన దినమున ఒక బిడ్డ తన చొక్కా తానే తొడుగుకొని బడికి వచ్చును. చూచువారికి అందులో విశేషమేమియు కనబడదు. అయినను ఆ యింటిలో ఒక తల్లి ఆ రాత్రి కొంత నిశ్చింతగా నిద్రించును.